సీ డ్రైవ్ అంతా కాపీ చేశాను, కొత్త డిస్క్ ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 11. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. అందుకని 500 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) కొన్నాను, పాత డిస్క్ ఆకారంలోనే ఉండే రెండున్నర అంగుళాలది. యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, సీ డ్రైవ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి కాపీ పెట్టాను. మధ్యలో ‘ఈ ఫైల్ వాడకంలో ఉంది’ అని చాలాసార్లు వచ్చింది, స్కిప్ నొక్కుతూ పోయాను. రాత్రంతా పట్టింది. పొద్దున డిస్క్ మార్చి ఆన్ చేస్తే, బూట్ అవడానికి డిస్క్ ఏదీ లేదని నల్లటి స్క్రీన్ మీద వచ్చింది. పాతది మళ్లీ పెడితే మామూలుగానే నడుస్తోంది. లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, దాని లైసెన్స్ మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే విండోస్ కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేదు. సీలో 140 జీబీ, డీలో ఫొటోలూ వీడియోలూ కలిపి 310 జీబీ ఉన్నాయి. ఇదంతా కొత్తదాంట్లో పడుతుందా? పాత డిస్క్‌ను ఎప్పుడు ఫార్మాట్ చేసుకోవచ్చు? (పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు టెన్షన్ వదిలేయండి. మీరు ఏమీ పాడుచేయలేదు. పాత డిస్క్ నడుస్తోంది కాబట్టి పోయింది ఒక రాత్రి నిద్ర మాత్రమే. ఇంకో మాట, పాత డిస్క్‌ను ఎప్పుడు ఫార్మాట్ చేయాలని అప్పుడే అడిగేశారు. ఆ సంగతి చివర్లో చూద్దాం. అప్పటిదాకా దాని జోలికి వెళ్లకండి.

కొత్త డిస్క్ ఎందుకు లేవలేదో తెలిస్తే, తర్వాత చేయాల్సిన పని దానంతటదే అర్థమవుతుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పాత డిస్క్ వరసలో సీ, డీ కాక ఇంకో రెండు చిన్న ముక్కలు కనబడతాయి. ఒకటి ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, సాధారణంగా 100 ఎంబీ దగ్గర ఉంటుంది. ఇంకొకటి రికవరీ పార్టిషన్. ఇవి కాక 16 ఎంబీ ముక్క మరొకటి ఉంటుంది, అది ఇక్కడ కూడా కనబడదు. వీటికి సీ, డీ లాంటి అక్షరం ఉండదు, కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో రావు. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డ్ మొదట వెతికేది సీ డ్రైవ్‌ను కాదు, ఆ ఈఎఫ్ఐ ముక్కను. విండోస్‌ను లేపే బూట్ మేనేజర్ ఉండేది అక్కడే. విండోస్ ఏ డిస్క్‌లో, ఏ పార్టిషన్‌లో ఉందో రాసుకున్న చిట్టా కూడా అక్కడే ఉంటుంది. మీ కొత్త డిస్క్‌లో ఆ ముక్కే లేదు. 140 జీబీ పక్కనే ఉన్నా, దాన్ని లేపే నాథుడు లేడు.

సరే, ఆ ముక్కను కూడా ఎలాగో తెచ్చి పెట్టామనుకుందాం. అప్పుడైనా లేవదు. మీరు స్కిప్ నొక్కిన ఫైళ్లలో రిజిస్ట్రీ ఉంది. ఏ ప్రోగ్రామ్ ఎక్కడ ఉంది, ఏ డ్రైవర్ ఎప్పుడు లోడ్ అవ్వాలి, ఎవరి పాస్‌వర్డ్ ఏది అన్న లెక్క మొత్తం అందులోనే. విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ ఫైళ్లను తెరిచే ఉంచుకుంటుంది, మామూలు కాపీకి ఇవ్వదు. ఫైళ్లకు ఉండే అనుమతులు కూడా ఎక్స్‌ప్లోరర్ కాపీలో చాలావరకు పోతాయి. పైగా విండోస్ ఫోల్డర్‌లో ఒకే ఫైల్ రెండు మూడు చోట్ల కనబడేలా లింకులు ఉంటాయి. కాపీ చేస్తే అవన్నీ విడివిడి ఫైళ్లయి చోటు మింగుతాయి.

క్లోనింగ్ సాఫ్ట్‌వేర్, అంటే డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి దించే ప్రోగ్రామ్, చేసే పని వేరు. నడుస్తున్న విండోస్‌లోనే అయితే, షాడో కాపీ అనే సదుపాయంతో ఒక క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలా నిలిపి ఉంచి, ఆ స్థితిని చదువుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే రకమైతే విండోస్ అసలు లేవనే లేవదు కాబట్టి ఏ ఫైలూ తెరిచి ఉండదు. రెండు పద్ధతుల్లోనూ ఆ అక్షరం లేని ముక్కలతో సహా అన్నీ వస్తాయి. మీకు కావాల్సింది ఇదే.

కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమా, క్లోన్ చేయడమా అని అడిగితే మామూలుగా నేను కొత్త ఇన్‌స్టాల్ వైపే మొగ్గుతాను. ఆరేళ్ల చెత్త వదులుతుంది. వైరస్ పట్టిందన్న అనుమానం ఉన్నా, విండోస్ తరచూ క్రాష్ అవుతున్నా క్లోన్ చేయడమంటే ఆ జబ్బును కూడా మోసుకెళ్లడమే. మీ సంగతి వేరు. మీ విండోస్ బాగానే ఉంది, నెమ్మదిగా ఉన్నది డిస్క్. లైసెన్స్ ఇబ్బంది కూడా ఉంది. కాబట్టి క్లోనే చేయండి. కుదరకపోతే కొత్త ఇన్‌స్టాల్ ఎలాగూ ఉంది.

లైసెన్స్ గురించి ఒక జాగ్రత్త. విండోస్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌ను చూసుకుంటుంది, డిస్క్ ఒక్కటి మారిస్తే మామూలుగా అడ్డం పెట్టదు. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చూస్తుందో చెప్పలేం. కొన్ని ప్రోగ్రాములు సీ డ్రైవ్‌కు విండోస్ ఇచ్చిన వాల్యూమ్ నంబర్‌ను చూస్తాయి, అది క్లోన్‌తో పాటే వస్తుంది. కొన్ని డిస్క్ తయారీలోనే పడిన సీరియల్ నంబర్‌ను చూస్తాయి, అది రాదు. ఆ ప్రోగ్రామ్‌లో లైసెన్స్‌ను సరెండర్ చేసే (ఈ కంప్యూటర్ నుంచి వదిలించి, మళ్లీ వాడుకునేలా చేసే) ఆప్షన్ ఉంటే క్లోన్‌కు ముందే చేసేయండి. లేకపోతే లైసెన్స్ కీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. లెక్కల డేటాను ఆ ప్రోగ్రామ్ ఇచ్చే బ్యాకప్ ఆప్షన్‌తోనే విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఇక చోటు సంగతి. డిస్క్ కంపెనీలు వెయ్యిల్లో లెక్కేస్తాయి, విండోస్ 1024ల్లో లెక్కేస్తుంది. అందుకే మీ 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465గా, 1 టీబీ డిస్క్ 931గా కనబడుతుంది. మీ 140, 310 కలిపితే 450. కాగితం మీద పడుతుంది, 15 మిగులుతుంది. కానీ అలా చేయకండి. ఎస్ఎస్‌డీ అంచుదాకా నిండితే రాయడం నెమ్మదిస్తుంది. విండోస్ అప్‌డేట్‌లకు కూడా చోటు కావాలి. నేనైతే ఐదో వంతు ఖాళీగా ఉంచుకుంటాను. ఫొటోలకు ఎస్ఎస్‌డీ వేగంతో పని లేదు. సీని, దాని చుట్టూ ఉన్న చిన్న ముక్కలను కొత్త డిస్క్‌లోకి పంపండి. డీ పాత డిస్క్‌లోనే ఉండనివ్వండి. తర్వాత పాత డిస్క్‌ను ఒక యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే బయటి డ్రైవ్‌గా పనికొస్తుంది.

కానీ ఆ ఫొటోలకు ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, అందుకే నాకు అనుమానం. లైసెన్స్ పోతే డబ్బో, ఫోన్ కాల్సో పెట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆరేళ్లు తిరిగిన హార్డ్ డిస్క్‌లో ఒక్క కాపీగా ఉన్న ఫొటోలు పోతే తెచ్చేవాళ్లు లేరు. క్లోన్ మొదలుపెట్టే ముందే డీ మొత్తాన్ని ఇంకో బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఫొటోలకైతే మీరు చేసిన మామూలు కాపీ చాలు. కాపీ అయ్యాక నాలుగైదు వీడియోలు అక్కడి నుంచే ప్లే చేసి చూసుకోండి.

అదే సమయంలో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ తన గురించి తాను రాసుకున్న వివరాలను చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపులో కాషన్ అని వస్తే, 05, సీ5, సీ6 అనే వరసల్లో సున్నా కాక వేరే అంకె ఉందేమో చూడండి. ముఖ్యంగా సీ5. చదవడానికి మొండికేస్తున్న చోట్లు ఎన్ని ఉన్నాయో చెప్పేది అదే. అలా ఉంటే క్లోన్ సంగతి తర్వాత, ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీయండి. పాడవుతున్న డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివించడం అంటే రొప్పుతున్న మనిషిని మెట్లెక్కించడమే. డిస్క్ నుంచి టిక్‌టిక్‌మని చప్పుడు వస్తుంటే అసలు ఆన్ చేయడమే ఆపేయండి.

డిస్క్ బాగుందనుకుని ముందుకు వెళ్దాం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లో ఉన్నదాన్ని కీ లేకుండా చదవలేని రూపంలో ఉంచే ఏర్పాటు) ఉందేమో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. ప్రొ ఎడిషన్‌లో అయితే దాన్ని బిట్‌లాకర్ అంటారు. అది ఆన్‌లో ఉండగా పెన్‌డ్రైవ్ నుంచి క్లోన్ చేస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌కు కనబడేది అర్థం కాని గందరగోళం. ఎక్కడ ఫైల్ ఉందో, ఎక్కడ ఖాళీ ఉందో దానికి తెలియదు. కాబట్టి ఖాళీదైనా సరే డిస్క్‌లోని ప్రతి సెక్టారూ (చిన్న గడీ) మోయాలి, పార్టిషన్‌ను కుదించడమూ చేతకాదు. పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి వెళ్తున్న మీకు అది అక్కడే ఆగిపోతుంది. ముందు 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కంప్యూటర్ అయితే ఆ అకౌంట్‌లో దొరుకుతుంది. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తయ్యేదాకా ఆగండి. హార్డ్ డిస్క్ కాబట్టి గంటలు పట్టొచ్చు.

ఇంకో రెండు చిన్న పనులు. సీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద చెక్ నొక్కి లోపాలేమైనా ఉంటే సరిచేయించండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. విండోస్ 8 నుంచి వచ్చిన ఈ ఏర్పాటు వల్ల మనం షట్ డౌన్ చేశామనుకున్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డిస్క్‌ను బయటి నుంచి ముట్టుకోకూడదు.

ఈ ల్యాప్‌టాప్ నడుస్తుండగానే విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ కూడా ఒకటి తయారు చేసుకోండి. 8 జీబీది సరిపోతుంది, మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో చేయొచ్చు. కొత్త డిస్క్ మొండికేస్తే రిపేర్‌కు అదే దిక్కు. అది లేకుండా దిగడం తాళం చెవిని లోపలే పెట్టి తలుపు వేసుకోవడం లాంటిది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ముందు మీ ఎస్ఎస్‌డీ కంపెనీ సైట్ చూడండి. శాంసంగ్ తన ఎస్ఎస్‌డీల కోసం సొంత డేటా మైగ్రేషన్ టూల్ ఇస్తుంది. క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్ లాంటివి అక్రోనిస్ ప్రత్యేక ఎడిషన్‌ను ఉచితంగా ఇస్తాయి. పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి వెళ్లేటప్పుడు పార్టిషన్‌ను కుదించే పని ఇవే చూసుకుంటాయి కాబట్టి మీకు ఇవే సులువు. క్లోన్‌జిల్లా గురించి ఎవరైనా చెప్పవచ్చు. అది నాకెంతో ఇష్టమైన ఉచిత సాఫ్ట్‌వేర్, కానీ కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలని మొదటే అడుగుతుంది. దాన్ని దాటే దారులున్నా, మొదటిసారి చేసేవాళ్లను అటు పంపను.

క్లోన్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి. ఏ పార్టిషన్లు వెళ్లాలో అడిగితే డీ మీద టిక్ తీసేయండి. మిగతా చిన్నవన్నీ ఉండాలి. కొత్త డిస్క్‌లో సీని చివరిదాకా సాగదీసే ఆప్షన్ ఉంటే ఇక్కడే వాడుకోండి. తర్వాత సాగదీద్దామంటే సీ పక్కన రికవరీ ముక్క కూర్చుని ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని దాటి సాగదీయలేదు. కొత్త డిస్క్‌లో మీరు రాత్రంతా చేసిన కాపీ తుడిచిపెట్టుకుపోతుందని హెచ్చరిస్తుంది. పోనివ్వండి.

ఏది సోర్స్, ఏది టార్గెట్ అన్న స్క్రీన్ దగ్గర మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని రెండుసార్లు చదవండి. కొన్నేళ్ల కిందట ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు డిస్కులు పెట్టుకుని నేను తలకిందులు చేశాను. ఖాళీ డిస్క్‌ను నిండు డిస్క్ మీదికి ఎంతో శ్రద్ధగా క్లోన్ చేశాను. నూరు శాతం సక్సెస్ అని కూడా చూపించింది. అప్పటి నుంచి మోడల్ పేరూ, సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోకుండా ఆ బటన్ నొక్కను. మీకు 931, 465 అని తేడా కనబడుతుంది కాబట్టి అదృష్టవంతులు.

140 జీబీకి ఎంతసేపు? హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదివితే అరగంటలోపు. అది కాగితం లెక్క, గంట అనుకోండి. యూఎస్‌బీ పోర్ట్ పాత 2.0 రకమైతే సెకనుకు 35 ఎంబీ దాటడం కష్టం, కాబట్టి నీలం రంగు పోర్ట్ ఉంటే అందులో పెట్టండి.

అయిపోయాక చాలామంది తొందరపడేది ఇక్కడే. రెండు డిస్కులూ తగిలించే ఉంచి రీస్టార్ట్ చేస్తారు. క్లోన్ అంటే లోపలి గుర్తింపు నంబర్లు కూడా అచ్చంగా అవే రావచ్చు. ఒకే పేరుతో ఇద్దరు నిలబడితే విండోస్ ఒకరిని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. లేదా పాత డిస్క్ నుంచే లేచి, మనం కొత్తదాంట్లో ఉన్నామని భ్రమపెడుతుంది. అందుకే పూర్తిగా షట్ డౌన్ చేసి, ఛార్జర్ తీసి, వీలైతే లోపలి బ్యాటరీ కేబుల్ కూడా ఊడదీసి, పాత డిస్క్‌ను బయటికి తీసి, దాని చోట కొత్తది పెట్టండి. మొదటిసారి ఒంటరిగానే లేవాలి.

లేచిందా, టాస్క్ మేనేజర్‌లో పర్‌ఫార్మెన్స్ కింద డిస్క్ దగ్గర ఎస్ఎస్‌డీ అని కనబడుతుంది. ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిస్తే అక్కడ కూడా సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉండాలి. ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేసుకోండి.

లేవలేదా, బయోస్‌లోకి (ఆన్ కాగానే మదర్‌బోర్డ్ చూపించే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెండి. యూఈఎఫ్ఐ, లెగసీ అనే ఆప్షన్ జోలికీ, సాటా మోడ్ జోలికీ వెళ్లకండి. పాత డిస్క్ ఏ సెట్టింగ్‌తో నడిచిందో కొత్తదీ దాంతోనే నడవాలి. అప్పటికీ కాకపోతే మీరు చేసిపెట్టుకున్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, రిపేర్‌లో స్టార్టప్ రిపేర్ నడపండి. ఒక్కసారితో కాకపోతే రెండోసారి. అదీ కాకపోతే పాత డిస్క్ లోపల పెట్టేసి, తీరిగ్గా ఇంకో సాఫ్ట్‌వేర్‌తో క్లోన్ చేయండి.

ఇదే పని ఎన్‌వీఎంఈ రకం డిస్క్‌తో చేస్తున్నవాళ్లకు ఒక మాట. సన్నటి చూయింగ్ గమ్ పట్టీలా ఉండే డిస్కులవి. అలాంటిది పెట్టాక ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’ అని నీలం స్క్రీన్ వస్తే క్లోన్ తప్పనుకోకండి. అంతవరకూ అవసరం పడని డ్రైవర్‌ను విండోస్ మొదట్లోనే లోడ్ చేయదు, అంతే. పెన్‌డ్రైవ్‌లోని రిపేర్ మెనూ నుంచి ఒక్కసారి సేఫ్ మోడ్‌లో లేపితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

మీది విండోస్ కాక లైనక్స్ అయి ఉంటే, మీరు చేసిన పని సగం ఒప్పే అయ్యేది. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో అనుమతులు పోకుండా ఫైళ్లన్నీ కాపీ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ తగలాలో రాసుండే ఫైల్)‌లో కొత్త యూయూఐడీలు, అంటే పార్టిషన్ల గుర్తింపు నంబర్లు రాసి, లైనక్స్‌ను లేపే గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అది లేచి కూర్చుంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్ మరిచిపోయి అర్ధరాత్రి ఎమర్జెన్సీ మోడ్ చూసినవాళ్లకు లెక్కలేదు.

ఇక మీ చివరి ప్రశ్న. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు కదా, డిస్కుల విషయంలో ఏరు దాటామో లేదో తెలియడానికే నెల పడుతుంది. ఈ నెలలో విండోస్ ఒక పెద్ద అప్‌డేట్ తీసుకోవాలి, ప్రింటర్ ఒకసారి పనిచేయాలి, మీ లెక్కల సాఫ్ట్‌వేర్ నెలాఖరు లెక్క తేల్చాలి. అప్పటిదాకా పాత డిస్క్‌ను ఒక కవర్లో పెట్టి, మీద తారీఖు రాసి, సొరుగులో ఉంచండి. ఆ తర్వాత కేసులో పెట్టి యూఎస్‌బీకి తగిలించినప్పుడు ఆఫ్‌లైన్ అని చూపిస్తే కంగారు పడొద్దు, అది ఆ గుర్తింపు నంబర్ల గొడవే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ అంటే, విండోస్ దానికి కొత్త నంబర్ ఇచ్చి తెరుస్తుంది. పాత సీని చెరిపేయండి. డీని అలాగే ఉంచండి.

లైసెన్స్ కొత్త డిస్క్‌ను ఒప్పుకుందో లేదో మాత్రం నాకు తప్పకుండా రాయండి.